నిమ్మళం

విమానాల్లో ప్రయాణికుల ముందుకు వచ్చే భోజనం ట్రేలను సర్దేవాళ్లలో మనీషా ఒకతె. శంషాబాద్ ఎయిర్‌పోర్టు ప్రహరీకి దగ్గర్లో ఉన్న పెద్ద వంటశాలలో ఆమెది బెల్టు దగ్గర పని. అన్నం డబ్బా, కూర డబ్బా, పెరుగు కప్పు, స్వీటు ముక్క. ట్రే తన ముందు నుంచి దాటిపోయే లోపల తన వంతు వస్తువు అందులో పెట్టేయాలి. తిండి పాడవకూడదని ఆ హాలును ఎప్పుడూ చలిలోనే ఉంచుతారు. స్వెటర్ మీద తెల్లకోటు, తలకు జాలీ టోపీ, షిఫ్టు అయ్యేదాకా నిలబడే ఉండడం. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. పెళ్లికి ముందు నుంచీ ఆమె అక్కడే చేస్తోంది.

భర్త హరిప్రసాద్ జేసీబీ నడుపుతాడు. తుక్కుగూడ చుట్టుపక్కల కొత్తగా వేస్తున్న వెంచర్లలో బండలు పెకలించి నేల చదును చేస్తాడు. మాటలు తక్కువ. అతని చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి పోచమ్మ కూలికి వెళ్లి పెంచింది. ఆమె ఒక మాట అన్నదంటే ఆ ఇంట్లో దాని మీద ఇంకో మాట ఉండదు.

పెళ్లయి ఆరేళ్లు గడిచినా పిల్లలు కలగలేదు. పరీక్షల్లో హరిప్రసాద్‌కు ఏ లోపమూ లేదని తేలింది. మనీషాకు అండాలు తక్కువగా ఉన్నాయనీ, ఆలస్యం చేస్తే అవి కూడా ఉండవనీ డాక్టరమ్మ చెప్పి, ఐవీఎఫ్ చేయించుకోమంది. చేయించుకున్నారు. మొదటిసారి నిలవలేదు. ఆ తర్వాత మనీషాకు నిద్ర పోయింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకున్నా, పగటి డ్యూటీ చేసి రాత్రి పడుకున్నా కళ్లు మూతపడేవి కావు. పొట్టలో సూది మందుల నొప్పి పోలేదు. బెల్టు దగ్గర నిలబడి ఉన్నట్టుండి ఏడుపు వచ్చేది. మాస్కు ఉండేది కాబట్టి ఎవరికీ కనపడేది కాదు.

పక్కన నిలబడే ఆవిడ ఒకరోజు బుద్వేల్‌లో వరలక్ష్మి గారి సంగతి చెప్పింది. ఆవిడ ఆక్యుపంక్చర్ చేస్తుంది, సన్నటి సూదులు పెడుతుంది, నిద్ర పడుతుంది, పిల్లల కోసం వచ్చేవాళ్లు కూడా చాలామంది ఉన్నారు అంది.

హరిప్రసాద్‌కు తీరిక లేదు. మనీషాను తన టీవీఎస్ బండి మీద బుద్వేల్ తీసుకెళ్లింది ఆమె తండ్రి బుచ్చయ్య. వాళ్ల ఊరు శంషాబాద్ అవతల పాలమాకుల. ఉన్న కొద్దిపాటి పొలంలో పాలకూర, తోటకూర, కొత్తిమీర వేసి, పొద్దున్నే కట్టలు కట్టి శంషాబాద్ మార్కెట్‌కు తెచ్చేవాడు. కూర అమ్ముడైపోయాక కూతురి షిఫ్టు ఎప్పుడు వదులుతారో కనుక్కుని గేటు బయట నిలబడేవాడు.

"సూదులు గుచ్చితె పిల్లలైతరా బిడ్డా?" అని అడిగాడు దారిలో.

"కారు బాపు. నిద్ర పడ్తదంట."

"గట్లనా! ఐతే నాకు గూడ నాలుగు గుచ్చమను. మీ అమ్మ గురకకు నాకు నిద్రే లేదు."

చాలా రోజుల తర్వాత మనీషా నవ్వింది.

వరలక్ష్మికి యాభై దాటాయి. సొంతూరు తెనాలి వైపు. భర్తకు రాజేంద్రనగర్ యూనివర్సిటీలో ఉద్యోగం రావడంతో ఇటు వచ్చి స్థిరపడ్డారు. ఇంటి ముందు గదిలో రెండు మంచాలు వేసి, మధ్య పరదా కట్టి వైద్యం చేస్తుంది. మొదటి రోజే మనీషాను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది.

"చూడమ్మా, సూదులతో పిల్లలు పుడతారని నేనెవ్వరికీ మాట ఇవ్వను. పరీక్షలు చేసినవాళ్లు కొందరు మేలన్నారు, కొందరు ఏమీ లేదన్నారు. నిద్ర పడుతుంది. నొప్పి తగ్గుతుంది. మనసు కాస్త కుదుటపడుతుంది. మీ డాక్టరు గారి వైద్యం మాత్రం మానకండి."

మనీషాకు ఆవిడ నచ్చింది. నుదుటి మధ్య ఒకటి, చెవుల్లో చిన్నవి, మోకాలి కింద, చీలమండ లోపలి వైపు. చీమ కుట్టినట్టు ఉండి ఆ తర్వాత బరువుగా అనిపించేది. సూదులు ఉన్నంతసేపూ వరలక్ష్మి పక్కన కూర్చుని ఊపిరి ఎలా తీసుకోవాలో, ఎలా వదలాలో చెప్పేది. "నీకు బాగా హాయిగా అనిపించే చోటును తలుచుకో. అక్కడే ఉన్నాననుకో" అనేది. మనీషా తండ్రి పొలాన్ని తలుచుకునేది. మోటారు వేశాక కాలువలో పారే నీళ్లు, పాలకూర మడి, గట్టు మీద పార పట్టుకుని బాపు. మూడోసారి వెళ్లినప్పుడు అలాగే నిద్రపోయింది. బుచ్చయ్య వరండాలో కూర్చుని బీడీ కాల్చుకుంటూ, కూతురు లేచేదాకా లేపొద్దని వరలక్ష్మిని బతిమాలాడు.

నెలలు గడిచాయి. మనీషాకు నిద్ర వస్తోంది, నొప్పి తగ్గింది. కానీ ఒక కొత్త భయం మొదలైంది. మనసు ప్రశాంతంగా ఉంటే ఒంటికి మంచిదని వరలక్ష్మి అన్న మాట, ప్రశాంతంగా లేకపోతే పాడవుతుందనే మాటగా ఆమె లోపల మారిపోయింది. సూపర్‌వైజర్ కసిరితే కోపం వచ్చేది. కోపం వచ్చినందుకు భయం వేసేది. "మేడం, నిన్న ఏడ్చిన. మొన్న పెట్టిన సూదులు ఖరాబైనట్టేనా?" అని అడిగేది. అలాంటిదేమీ ఉండదని వరలక్ష్మి నవ్వేసేది. అంతకంటే గట్టిగా చెప్పాల్సిన సంగతి అది.

ఆ మాట ఇంట్లో పోచమ్మకు కూడా దొరికింది. కోడలు గొంతు కొంచెం లేచినా, "నిమ్మళంగ ఉండు బిడ్డా. మేడం చెప్పిందా లేదా? పరేషాన్ ఐతే నిలువదు" అనేది. ఆమెది చెడ్డ మనసేం కాదు. మనవడినో మనవరాలినో ఎత్తుకోవాలని ఉండేది, అంతే. కానీ ఆ ఇంట్లో మనీషాకు కోపం తెచ్చుకునే హక్కు అలా పోయింది.

రెండోసారి ఐవీఎఫ్‌కు రెండు పిండాలు వచ్చాయి. ఒకటి లోపల పెట్టి, ఇంకొకటి ఆసుపత్రిలో ఫ్రీజ్ చేసి ఉంచారు. మనీషా సెలవు పెట్టింది. తుక్కుగూడ ఇంటికి వచ్చేపోయే చుట్టాలు, పక్కనే వెంచర్ల చప్పుడు, దుమ్ము. వరలక్ష్మి ఇంటి మేడ మీద ఒక గది ఖాళీగా ఉంటే హరిప్రసాద్ దాన్ని కిరాయికి తీసుకున్నాడు. అత్తాకోడళ్లు అక్కడికి మారారు. ఫోను చూస్తూ ఉంటే మనసు ఎటెటో పోతుంది, కొన్నాళ్లు పక్కన పెట్టెయ్యమని వరలక్ష్మి సలహా ఇచ్చింది. మనీషా తన ఫోను తీసి అత్త చేతికి ఇచ్చింది. సాయంత్రం ఒక్కసారి అత్త ఫోనులో అమ్మానాన్నలతో మాట్లాడేది.

పిండం పెట్టిన నాలుగో రోజు పొద్దున, కూర కట్టలు బండికి కట్టుకుంటూ బుచ్చయ్య గుండె పట్టుకుని కూలబడ్డాడు. కొడుకు చందు ఆటోలో శంషాబాద్ దవాఖానకు తీసుకొచ్చేసరికే ప్రాణం పోయింది.

చందు బావకు ఫోన్ చేశాడు. హరిప్రసాద్ బండి వేసుకుని బుద్వేల్ వచ్చి, పైకి వెళ్లకుండా తల్లిని కిందికి పిలిచాడు. గేటు దగ్గరే చెప్పాడు. పోచమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. కాసేపటికి తేరుకుని, "దానికి చెప్పొద్దు" అంది.

మాటలు విని వరలక్ష్మి బయటకు వచ్చింది. సంగతి తెలిశాక, "అదేమిటండీ, ఆవిడ కన్నతండ్రి. చెప్పకపోతే ఎలా? మెల్లగా నేను చెబుతాను" అంది.

"మీరే గదమ్మా చెప్పిండ్రు, మనసు చెదరొద్దని" అంది పోచమ్మ. "ఇప్పుడు ఈ మాట ఇంటే ఆమె తట్టుకుంటదా? పోయినాయన ఎట్లా పోయిండు. వచ్చేదాన్ని గూడ పోగొట్టుకుందామా?"

వరలక్ష్మికి జవాబు తెలుసు. దుఃఖం వచ్చినంత మాత్రాన కడుపులో పిండం ఊడిపోదు. కానీ చెప్పాక ఏదైనా జరిగితే ఆ మాట తన మీదికే వస్తుంది. డాక్టరమ్మను ఒకసారి అడుగుదామన్న ఆలోచన కూడా ఆ క్షణంలో ముగ్గురిలో ఎవరికీ రాలేదు. హరిప్రసాద్ తల వంచుకుని నిలబడ్డాడు. "రెండు వారాలే మేడం. పరీక్ష అయినంక నేనే చెప్త" అన్నాడు. వరలక్ష్మి ఊరుకుంది.

ఆ మధ్యాహ్నం మనీషాకు సూదులు పెట్టాల్సిన రోజు. పిండం పెట్టాక పొట్ట మీదా, చీలమండల దగ్గరా సూది ముట్టించకూడదని వరలక్ష్మి నియమం. నుదుటికీ చెవులకూ మాత్రమే పెట్టి, పక్కన కూర్చుంది. మనీషా తనంతట తానే కళ్లు మూసుకుని ఊపిరి తీసుకుని వదులుతూ నిద్రలోకి జారింది. అదే సమయంలో పాలమాకులలో బుచ్చయ్య పాడె లేచింది. చందు నిప్పు పెట్టాడు. అల్లుడు కూడా ఒక పక్క భుజం పట్టాడు.

మనీషా లేచాక మొహం తేటగా ఉంది.

"బాపు కనవడ్డడు మేడం" అంది. "పాలకూర మడికి నీళ్లు కడ్తుండు. ఇంత మంచి నిద్ర ఎన్నడు పట్టలే."

వరలక్ష్మి సూదులు తీసిన గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

పరీక్షలో గర్భం నిలిచిందని వచ్చింది. పోచమ్మ రోడ్డు మీదే దండం పెట్టింది. చెబుతానన్న రెండు వారాలూ అయిపోయాయి. ఇప్పుడు అసలే చెప్పకూడదంది ఆమె. "గుండె సప్పుడు ఇనవడనీ. మూడు నెలలు నిండనీ." హరిప్రసాద్ ఒప్పుకున్నాడు. మనీషా తల్లి భాగ్యమ్మను కూడా ఒప్పించారు. భర్త పోయిన ఇల్లాలు, నెల మాసికం పెడుతున్న రోజున కూడా సాయంత్రం కాగానే ఇంటి వెనక్కి వెళ్లి ఫోనులో కూతురితో మాట్లాడింది.

"బాపు ఏడి అమ్మా?"

"మోటరు కాడికి పోయిండు బిడ్డా."

"రోజు మోటరు కాడనేనా? నా మీద అలిగిండా? ఇంత మంచి ముచ్చట చెప్తే గూడ మాట్లాడడా?"

"మోకాళ్లు గుంజుతున్నయని తొందరగ పంటుండు. ఎందుకు అలుగుతడు? నువ్వు మంచిగ తిను" అని భాగ్యమ్మ ఫోను పెట్టేసి, బంధువుల మధ్యకు వచ్చి కూర్చుంది. ఏడవడానికి కూడా ఆమె చుట్టూ చూసుకోవాల్సి వచ్చింది. ఏడ్చిన గొంతు సాయంత్రానికి బాగుపడదు.

నెల దాటాక స్కాన్‌లో గుండె చప్పుడు వినిపించింది. మనీషా ఆ తెర మీద చుక్కను చూసి హరిప్రసాద్ చేయి పట్టుకుంది. బయటకు రాగానే, "ఇగ బాపును తోల్కరా. రాకుంటే నేనే పోత" అంది. అన్నంత పని చేసేలాగే ఉంది. పోచమ్మ ఒక రాత్రంతా ఆలోచించి, మరునాడు కొడుకుతో, "మీ అత్తనన్న తోల్కరా. ముసలాయనకు కాళ్లు లేస్తలేవని చెప్పమను" అంది. చందు గుండు కనపడుతుంది కాబట్టి అతను రావద్దంది. భాగ్యమ్మకు బొట్టు పెట్టించి, చేతులకు గాజులు వేయించి తీసుకురమ్మంది.

భాగ్యమ్మ ముందు ఒప్పుకోలేదు. "తీసేసిన బొట్టు మల్ల ఎట్ల పెట్టుకుంట అల్లుడా?" అని అడిగింది. హరిప్రసాద్ గుమ్మంలోనే కూర్చున్నాడు. వారం రోజులు అలా వచ్చి కూర్చుని వెళ్లాక ఆమె లేచింది. పక్కింటావిడ గాజులు అడిగి వేసుకుంది. కుంకుమ తానే పెట్టుకుంది.

బుద్వేల్ మేడ మీది గదిలోకి తల్లి రాగానే మనీషా నవ్వుతూ ఎదురొచ్చింది. బిడ్డ కడుపులో పడ్డాక తల్లిని చూడడం అదే మొదటిసారి. కాళ్లకు దండం పెట్టుకోవడానికి వంగింది. వంగి అలాగే ఉండిపోయింది. తల్లి కాలి వేళ్లకు మట్టెలు లేవు. ముప్పై ఏళ్లు వెండి ఉన్న చోట తెల్లగా గుంటపడిన చర్మం ఉంది.

"మట్టెలేవి?"

భాగ్యమ్మ కాళ్లను చీర కుచ్చెళ్ల కిందికి లాక్కుంది.

"అమ్మా, మట్టెలేవి? బాపు ఏడి?"

పోచమ్మ గబగబా ముందుకొచ్చి, "అరిగినయని మార్పిస్తుంది బిడ్డా, కూసో జర" అంది. భాగ్యమ్మ అప్పటికే గోడకు జారబడి కూర్చుంది. ఇన్ని రోజులు ఆపుకున్న ఏడుపు పెద్దగా బయటకు వచ్చింది. కింద ఉన్న వరలక్ష్మికి వినపడింది. పైకి రాలేదు.

మనీషా ఏడవలేదు. ఎప్పుడు పోయిండని అడిగింది. చెప్పారు. వేళ్ల మీద లెక్క వేసుకుంది. తర్వాత తల్లి నుదుటి బొట్టును తన కొంగుతో తుడిచి, గాజులు ఒక్కొక్కటే తీసింది.

ఆ సాయంత్రమే పాలమాకుల వెళ్లింది. ఆపడానికి పోచమ్మ చేయి పట్టుకుంటే విడిపించుకుంది. ఊళ్లో వాళ్లు ఆమెను చూసి దారి తప్పించుకున్నారు. అందరికీ తెలుసు, ఎవరూ చెప్పలేదు. బుచ్చయ్యను కాల్చిన చోట వాన పడి గడ్డి మొలుస్తోంది. పొలంలో కోయకుండా వదిలేసిన తోటకూర నిలువెత్తు పెరిగి గింజ పట్టింది. చందు అక్కను పట్టుకుని ఏడ్చాడు. ఆమె అతని తల నిమురుతూ నిలబడింది.

తర్వాతి స్కాన్‌లో గుండె చప్పుడు లేదు.

డాక్టరమ్మ రెండుసార్లు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. ఇలాంటివి ఎక్కువగా పిండంలోనే ఉండే లోపం వల్ల జరుగుతాయనీ, ఎవరి తప్పూ కాదనీ చెప్పింది. మనీషా ఒక్కటే అడిగింది. "ఎన్నడు ఆగింది మేడం?"

"ఈ కొలతను బట్టి పోయిన స్కాన్ అయిన రెండు మూడు రోజులకే పెరగడం ఆగిపోయింది."

తల్లి వచ్చింది ఆ స్కాన్ తర్వాత వారం దాటాక. అంటే ఆమె కాలి వేళ్లను మనీషా చూసిన రోజుకే లోపల ప్రాణం లేదు. "ఇన్నవా?" అంది భర్తతో. విన్నానన్నట్టు అతను తలాడించాడు. "మీ అమ్మకు చెప్పు."

అతను చెప్పలేదు. మనీషాను తుక్కుగూడ తీసుకొచ్చాక, చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ పోచమ్మ చెప్పింది వేరే. "మంచిగ నిలిచిందమ్మా. తండ్రి ముచ్చట తెలిసింది, ఊరికి ఉరికింది, మనసు చెదిరింది, పోయింది." అది అబద్ధమని పోచమ్మ అనుకోలేదు. నిజంగానే నమ్మింది. కోడలి తల నిమిరి మరీ అంది, "తెల్వకపోతే నిలుస్తుండె బిడ్డా." మనీషా పక్క గదిలో పడుకుని ఆ మాటలు వినేది. డాక్టరమ్మ మాట గుర్తుంది. అయినా తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు అత్త మాటే నిజమేమో అనిపించేది. ఇన్ని నెలలు తాను నమ్మింది కూడా అదే.

ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక ఒంటరిగా బస్సెక్కి బుద్వేల్ వెళ్లింది. వరలక్ష్మి తలుపు తీసి, లోపలికి రమ్మనడానికి కూడా తడబడింది.

"నేను చెప్పాల్సిందమ్మా" అంది. "నేనన్న మాటే నా ముందు పెట్టేసరికి నోరు రాలేదు. నువ్వు తిట్టినా పడతాను."

"తిట్టనీకి రాలే మేడం" అంది మనీషా. "ఒక్కటి అడుగుదామని వచ్చిన. ఆ దినం నేను పండుకున్నప్పుడు మీకు తెలుసు గద?"

"తెలుసు."

"బాపును కాలవెట్టినప్పుడు నేను మంచిగ నిద్రవోయిన. లేసి నవ్విన గూడ. కడుపు పోయింది, సరే, ఏడుస్త, ఎప్పటికన్న తక్కువైతది. ఆ నిద్ర ఎట్ల తక్కువైతది నాకు?"

వరలక్ష్మి ఏడ్చింది. మనీషా మంచినీళ్లు అడిగి తాగి, బస్టాపు వైపు వెళ్లిపోయింది. వరలక్ష్మి వైద్యం మానలేదు. కానీ పిల్లల కోసం వచ్చేవాళ్లకు మొదటి రోజే చెబుతోందిప్పుడు, ఏడుపొస్తే ఏడవమనీ, కోపమొస్తే కోప్పడమనీ, దాంతో కడుపుకు ఏమీ కాదనీ. ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టి అదే చెబుతుంది. కొందరు ఈవిడకు నమ్మకం లేదనుకుని వేరేచోటికి వెళ్లిపోతున్నారు.

మనీషా ఆ రోజు బుద్వేల్ నుంచి తుక్కుగూడ తిరిగి వెళ్లలేదు. పాలమాకులలో తల్లి దగ్గరే ఉంటూ మళ్లీ పనిలో చేరింది. నిద్ర మళ్లీ పోయింది. సూదులకు వెళ్లదు. పొలం చందు చూసుకుంటున్నాడు. తండ్రి ఏడాది కార్యానికి వంటంతా ఆమె ఒక్కతే చేసింది, ఎవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

హరిప్రసాద్ ఆదివారాలు వస్తాడు. మోటారు బాగుచేస్తాడు, గట్టు సర్దుతాడు, అన్నం పెడితే తింటాడు. ఒక ఆదివారం తిన్న కంచం పక్కన పెట్టి, తల ఎత్తకుండా అడిగాడు.

"దవాఖానోళ్లు ఫోన్ చేసిండ్రు. ఆ ఫ్రీజ్‌ల వెట్టిన ఇంకోటి... ఉంచుమంటవా?"

భాగ్యమ్మ లోపల గిన్నెలు కడగడం ఆపింది.

"ఉంచుమను" అంది మనీషా. "పెట్టిచ్చుకుంటనో లేదో నాకే తెల్వదు. పెట్టిచ్చుకుంటే మాత్రం ఎవరు సచ్చినా నాకు చెప్పాలె. మా అమ్మ సచ్చినా, మీ అమ్మ సచ్చినా. ఆ గడియలనే చెప్పాలె."

"చెప్త" అన్నాడు అతను.

"చెప్పవు" అంది మనీషా, కంచం తీసుకుని లేస్తూ. "మీ అమ్మ వద్దంటే చెప్పవు."

హరిప్రసాద్ చేయి కడుక్కుని, పొలం వైపు నడిచాడు.